నోటిదాకా వచ్చిన మాట

అత్తగారు నోరు మూసుకుని కూర్చుంటే కోడలు మాట్లాడుతుందని బయట ఎవరికైనా చెబితే పడీ పడీ నవ్వుతారు. కాకినాడలోని ఆ ఆస్పత్రి మూడో అంతస్తులో సలోమి సిస్టరు మాత్రం రోజూ పొద్దున్నే చూసే తంతు అదే.

అచ్చియ్యమ్మ నెత్తిన ఒక టోపీ, ఆవిడ కోడలు లోవలక్ష్మి నెత్తిన ఇంకో టోపీ. రెండింటినీ కలుపుతూ సన్నటి తీగల జడ, మధ్యలో టిఫిన్ డబ్బా అంత యంత్రం. సలోమి కొబ్బరికాయ బొమ్మున్న అట్ట ఎత్తి చూపించింది. అచ్చియ్యమ్మ దాన్ని తేరిపార చూసింది గానీ పెదవి కదపలేదు. పక్క కుర్చీలో లోవ మూతి ఒక పక్కకి ఈడ్చుకుపోయింది. గొంతులో ఏదో గురగురలాడింది.

"కొ... బ్బరికాయ."

"అబ్బో! మా లోవే!" అంటూ సత్తిబాబు లేచి చప్పట్లు కొట్టాడు. అచ్చియ్యమ్మ కొడుకూ, లోవ మొగుడూ అతనే. ఉప్పాడ నుంచి బస్సులో వచ్చి రోజూ ఆ గుమ్మం దగ్గరే నిలబడతాడు. పెళ్ళాం ఒక్క మాట అంటే చాలు, లాటరీ తగిలినట్టు ఎగురుతాడు.

లోవకి పాతికేళ్ళు లేవు. పురుడు పోసుకున్న రెండో వారంలో తలనొప్పన్నది, ఆ సాయంత్రానికి ఫిట్సు వచ్చి పడిపోయింది. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు డాక్టర్లు. ప్రాణం దక్కింది, కుడి చెయ్యి కొంత దక్కింది, మాట మాత్రం పోయింది. ఎదుటివాళ్ళు చెప్పేదంతా అర్థమవుతుంది. తను చెప్పాలనుకున్నదీ లోపల ఉంటుంది. లోపలి నుంచి నోటికొచ్చే దారే తెగిపోయింది.

ఆ దారి మళ్ళీ వేయడానికే డాక్టర్ ఫణీంద్ర ఈ యంత్రం కనిపెట్టాడు. దానికేదో పొడుగాటి ఇంగ్లీషు పేరు పెట్టుకున్నాడు గానీ వార్డులో అందరూ అరువు టోపీ అనే అంటారు. మనిషి ఒక మాట అనబోయి ఆగిపోతే ఆ మాట మెదడులో పూర్తిగా తయారై, నోటిదాకా వచ్చి, అక్కడ నిలబడిపోతుంది. యంత్రం దాన్ని పట్టుకుని పక్కవాళ్ళ నోటికి అందిస్తుంది. కాలవకి గండి పడితే పక్క చేలోంచి బోదె తవ్వి నీళ్ళు పెట్టుకున్నట్టు. అలా అరువు మాటలు పలికీ పలికీ రోగి మెదడు తన సొంత దారి తవ్వుకుంటుందని ఫణీంద్ర నమ్మకం.

అందరి మధ్యా ఈ అరువు కుదరదు. భార్యాభర్తల జంటలు ఎన్నో వచ్చి, టోపీ పెట్టుకుని, మూగమొద్దుల్లా కూర్చుని వెళ్ళిపోయాయి. అత్తాకోడళ్ళ జంట అనగానే జూనియర్లు ముసిముసిగా నవ్వారు కూడా. తీరా పెడితే మొదటి రోజే మాట పలికింది. ఆరా తీస్తే తెలిసింది, ఇద్దరూ జాంధానీ చీరలు నేస్తారు. ఆ మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఒకరు పువ్వు సగం వేస్తే రెండోవారు మిగతా సగం వెయ్యాలి. లోవ పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ వాళ్ళిద్దరూ ఒకే బల్ల మీద మోచెయ్యికి మోచెయ్యి తగిలేలా కూర్చుని నేసినవాళ్ళు.

"మన బెస్ట్ జంట" అని ఫణీంద్ర ఢిల్లీ నుంచి వచ్చిన వాళ్ళకి కూడా చూపించాడు.

అట్టలు చూపించేది తనే అయినా సలోమి అసలు పని రోగులతో కాదు. ఆమె నర్సింగులో పరిశోధన చేస్తోంది. రోగిని కనిపెట్టుకుని ఉండేవాళ్ళు ఏమైపోతున్నారన్నదే ఆమె పట్టించుకునే సంగతి. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఆమె చూసిందేమిటంటే, మంచం మీద ఉన్నవాళ్ళ చుట్టూ పదిమంది చేరతారు, మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న మనిషిని ఒక్కరూ అడగరు. అందుకే వారానికోసారి అచ్చియ్యమ్మని కూర్చోబెట్టి తను అడిగేది. నిద్ర పడుతోందా, తింటున్నారా, విసుగొస్తోందా, ఏడుపొస్తోందా అని.

"నాకేటండి! రాయిలాగున్నాను. ఆయ్" అనేది అచ్చియ్యమ్మ. పైగా, "తవరే చిక్కిపోయారు. తింటన్నారా?" అని ఎదురడిగేది.

సలోమి నవ్వేసి, బాగున్నట్టే రాసుకునేది. కానీ ఆమెకేమీ తోచేది కాదు. ఆ గదిలోంచి బయటికొచ్చాక ఒకచోట కాలు నిలిచేది కాదు. వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ కాలు కాలిన పిల్లిలా తిరిగేది. పోనీ ఏమిటా అంటే చెప్పడానికేం ఉండేది కాదు.

ఆ మంగళవారం అట్టల్లో బిందె బొమ్మ వచ్చింది.

సలోమి ఎత్తి చూపించింది. అచ్చియ్యమ్మ చూసింది. రెప్ప వాల్చింది, మళ్ళీ చూసింది. లోవ మూతి వంకర తిరిగింది.

"నాకు... బతకాలని... లేదు."

సత్తిబాబు చేతులు చప్పట్లకని లేచి గాల్లోనే ఆగిపోయాయి.

"ఇంక నా వల్ల కాదు. నన్నొదిలెయ్యండి. పోతాను" అంది లోవ నోరు, తడబడకుండా. ఇన్నాళ్ళుగా అంత పొడుగు మాట ఆ నోట రాలేదు. లోవ కళ్ళు మాత్రం బెదిరిపోయి ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం వెతుకుతున్నాయి. తల అటూ ఇటూ ఊపింది. ఆ ఊపుని ఎవరూ పట్టించుకోలేదు. సత్తిబాబు అప్పటికే ఆమె కాళ్ళ దగ్గర కూలబడి బావురుమన్నాడు.

"అంత మాటన్నావేంటే! పిల్ల మొహం చూడవే! నేనేం పాపం చేశానే!"

అచ్చియ్యమ్మ అట్టకేసే చూస్తూ బిగుసుకుపోయి కూర్చుంది.

కబురు తెలిసి ఫణీంద్ర పరుగున వచ్చాడు. పాపం, ఆయనా మంచివాడే, ఆయన మొహమూ పాలిపోయింది. స్ట్రోకు వచ్చినవాళ్ళకి దిగులు పట్టుకోవడం ఎంత మామూలో ఆయనకి తెలుసు. "రేపటి నుంచి టోపీ వద్దు. మానసిక వైద్యుల వార్డుకి మారుద్దాం. మందు గట్టిగానే వెయ్యాలి" అన్నాడు.

"ఆ మందేస్తే మత్తుగా పడుంటుంది సార్. వచ్చిన నాలుగు మాటలూ పోతాయి" అంది సలోమి.

"మనిషే పోతే మాటలేం చేసుకుంటాం సిస్టర్?"



ఇంటికెళ్ళినా సలోమికి మనసు మనసులో లేదు. వంటింట్లో రొయ్యలు ఒలుస్తూ, ఒలిచినవి పొట్టులోనూ పొట్టు గిన్నెలోనూ వేస్తోంది. భర్త సామ్యేలు గుమ్మంలోంచి చూసి, "ఏమైంది? అలా ఉన్నావేం?" అన్నాడు.

"ఏం లేదు" అంది సలోమి.

అని, ఆగింది. ఏం లేదు అనడానికి ముందు ఆమె నోటిదాకా ఇంకో మాట వచ్చింది. 'పొద్దున్నే లేచి వండి, అక్కడ నిలబడి, మళ్ళీ వచ్చి వండుతున్నాను, ఆ రొయ్యలు నువ్వు ఒలవకూడదా' అన్న మాట. అక్షరం అక్షరం తయారై పంటి వెనక దాకా వచ్చింది. దాన్ని మింగి, ఏం లేదు అంది. ఇలా ఒక రోజులో ఎన్ని మింగుతుందో ఆమెకే లెక్క లేదు.

సలోమి చేతిలో రొయ్య జారి కింద పడింది.

అట్ట మీది బొమ్మ పేరొక్కటే యంత్రంలోకి వెళుతుందని అందరూ అనుకున్నారు. యంత్రానికి అట్ట సంగతేం తెలుసు? నోటిదాకా వచ్చి ఆగిన మాట ఏదైనా దానికి మాటే. ఆ టోపీ పెట్టుకుని అట్టకేసి చూస్తున్న మనిషి, అట్ట మీద లేని మాటనొకదాన్ని మింగితే?

"దేవా! ఆ మాట లోవది కాదు" అంది పైకే.

"ఏ మాట?" అన్నాడు సామ్యేలు.

"నువ్వొచ్చి ఈ రొయ్యలు ఒలిచెయ్యి. నేను డాక్టరుగారికి ఫోన్ చెయ్యాలి" అంది. సామ్యేలు ఆశ్చర్యపోయి, వచ్చి ఒలిచాడు.

ఫణీంద్ర ఒక పట్టాన ఒప్పుకోలేదు. బతిమాలగా బతిమాలగా, "రేపు వార్డు మార్చే ముందు ఒక్కసారి. నా ఎదురుగానే" అన్నాడు.

మర్నాడు పొద్దున సలోమే ఇద్దరికీ టోపీలు పెట్టింది. తను పొరపాటు పడిందా, లోవ నిజంగానే చావాలనుకుంటోందా? అలా అయితే ఆ పిల్ల చేత ఆ మాట ఇంకోసారి పలికించడం ఎంత పాపం! తన ఊహే నిజమైతే, ఇన్ని వారాలుగా తను ఎదురుగా కూర్చోబెట్టుకుని పలకరించిన మనిషిని అసలు చూడనేలేదన్నమాట. ఏదైనా భయమే.

బిందె అట్ట ఎత్తింది. ఈసారి అట్టకేసి చూడలేదు. అచ్చియ్యమ్మ పెదవులకేసి చూసింది. అవి గట్టిగా బిగుసుకున్నాయి. గొంతు కదిలింది, గుటక వేసినట్టు.

"నా రెండు కాన్పులకీ మా అత్త నీళ్ళివ్వలేదు" అంది లోవ నోరు. "నాకేం కాలేదు. దీనికే ఎందుకయ్యింది? దాహం దాహం అని ఏడిస్తే చెంబు దాచేశాను. నేనే చేశాను. నేను పోవాలి."

"రెండు కాన్పులేటి?" అన్నాడు సత్తిబాబు అయోమయంగా. "లోవకి ఒక్కటే పురుడు కదండీ. రెండు కాన్పులంటే నేనూ, మా చెల్లీ..."

 అందరూ అచ్చియ్యమ్మకేసి తిరిగారు. ఆవిడ టోపీ లాగి పారేసి, చెప్పులు కూడా తొడుక్కోకుండా గదిలోంచి వెళ్ళిపోయింది.

సలోమి వెనకాలే పరిగెత్తింది. వరండాలో లేదు. మెట్ల దగ్గర చూస్తే కిందికి కాదు, పైకి వెళుతోంది. ఆ మెట్లు డాబా మీదికి. 

"అచ్చియ్యమ్మగారూ! ఆగండి! మీకు దణ్ణం పెడతాను, ఆగండి!"

డాబా తలుపు దగ్గర పట్టుకుంది. పట్టుకున్నాక వదల్లేదు. ఇద్దరూ రొప్పుతూ పై మెట్టు మీద కూలబడ్డారు. ఎండ తలుపు సందులోంచి వచ్చి కాళ్ళ మీద పడుతోంది.

"రోజూ వత్తన్నానండి ఇక్కడికి" అంది అచ్చియ్యమ్మ. "పిట్టగోడ దాకా ఎల్తాను. అది మాట్టాడేదాకా ఉందారిలే అని దిగొచ్చేత్తాను. అది మాట్టాడితే నాతో పనుండదు కదండీ."

సలోమి ఆవిడ చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. రోజూ, తను కిందనే వరండాలో తిరుగుతుండగా!

"దానికి తల్లి లేదండి. నేనే పురుడు పోసుకుంటానన్నాను. ఒంటికి మంచిదని కాయం చేయించి తినిపించాను, పథ్యం పెట్టాను, ఏం లోటు చేశాను? మండుటెండలండి. దాహమత్తా దాహమత్తా అనేది. బాలింతకి నీళ్ళిత్తే ఒళ్ళు నీరొచ్చేత్తది, పొట్ట దిగదు అని మా అత్త చెప్పింది, ఆవిడికి వాళ్ళత్త చెప్పింది. గుక్కెడిచ్చి చెంబు తీసుకుపోయేదాన్ని. ఆస్పత్రికొచ్చినప్పుడు ఓ చిన్న డాక్టరమ్మ అడిగింది, నీళ్ళు సరిగ్గా తాగించారా అని. నెత్తురు చిక్కబడిపోయిందంది. ఇంకోళ్ళెవరూ వినలేదు. నేను విన్నాను."

"నన్నడిగితే నేను చెప్పేదాన్ని కదమ్మా, అదొక్కటే కారణం కాదని. బాలింతలకి మామూలుగానే నెత్తురు గడ్డకట్టే గుణం ఎక్కువ ఉంటుంది."

"అదొక కారణవేనా, కాదా? నిజం చెప్పండి."

సలోమి ఆవిడ మొహంలోకి చూసింది. ఓదార్చడానికి అబద్ధం చెప్పొచ్చు. చెప్పినా ఈ మనిషి నమ్మదు.

"అదీ ఒక కారణమే" అంది.

అచ్చియ్యమ్మ తల పంకించింది. "ఎవళ్ళూ నన్నో మాటనలేదండి. మావాడికి తెలీదు. దానికి నోరు లేదు. తిట్టేవోళ్ళుంటే బాగుండును."

సలోమి ఆవిడ చెయ్యి పట్టుకునే కిందికి దింపింది. సత్తిబాబు మెట్ల మొదట్లో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు కాబోలు, తల్లి మొహంకేసి చూడలేక గోడకేసి చూస్తున్నాడు.

"మీ అమ్మని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకు. ఇప్పుడు ఆవిడ కూడా మా రోగే" అంది సలోమి.

గదిలో ఫణీంద్ర కుర్చీలో కూలబడి ఉన్నాడు. "ఎక్కువ మాటలు మింగేవాళ్ళ దగ్గరే యంత్రం బాగా పనిచేసిందన్నమాట. నేను దాన్ని విజయం అనుకున్నాను" అన్నాడు.

"సార్, మొదటివారం తీగలు సరిచూసేటప్పుడు తిరగేసి పెట్టారు గుర్తుందా? లోవ వైపు నుంచి అత్తగారి వైపుకి. లోవ అనుకున్న మాట ఒకటి ఆవిడ నోట వచ్చింది."

"ఒక్క మాట కోసం పెట్టాను. అది ప్రయోగంలో భాగం కాదు. ఆ పిల్ల లోపల ఏముందో మనకి తెలీదు సలోమీ. ఆవిడ ఇప్పుడే డాబా మీంచి దిగింది. ఏదైనా చెడ్డ మాట వస్తే?"

అది సలోమికీ భయమే. అయినా ఆమె వెళ్ళి లోవ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "నిన్న ఆ మాటలు నీవి కావని తల ఊపావు. మేం చూళ్ళేదు, క్షమించు. ఇప్పుడు నీ మాట నువ్వు చెబుతావా? మీ అత్త నోటితో?"

లోవ అవునన్నట్టు గట్టిగా తలూపింది. ఊపుతూనే ఉంది.

అచ్చియ్యమ్మ గోడకి అతుక్కుపోయింది. "వద్దండి. అదేమంటాదో నాకు తెల్సు."

"తెలిస్తే వినండి" అంది సలోమి. "తిట్టేవాళ్ళుంటే బాగుండునన్నారు కదా. మీకు ఇష్టమైతేనే. వద్దంటే తీసేస్తాను."

అచ్చియ్యమ్మ కోడలికేసి చూసింది. తర్వాత వచ్చి, ఎప్పుడూ కూర్చునే కుర్చీలోనే కూర్చుని, తల వంచింది. సలోమి టోపీ పెట్టింది. ఫణీంద్ర డబ్బా వెనక మీట తిప్పాడు.

మొదట ఏమీ లేదు. లోవ కళ్ళు మూసుకుంది. మెడ నరాలు పొంగాయి. అప్పుడు అచ్చియ్యమ్మ నోరు తెరుచుకుంది. గొంతు ఆవిడదే, ఆ విసురు ఆవిడది కాదు.

"నీళ్ళడిగాను."

తన నోటి వెంట వచ్చిన ఆ మాట విని అచ్చియ్యమ్మే అదిరిపడింది.

"నీళ్ళడిగాను. ఇవ్వలేదు నువ్వు. కాళ్ళట్టుకున్నాను. చెంబట్టుకుపోయావు. నాకు కోపంగా ఉంది. నిన్ను చూత్తే ఒళ్ళు మండిపోతంది. రోజూ పక్కన కూకుని నాకు మాటలు నేర్పుతుంటే నీ జుట్టట్టుకుని గుంజాలనిపిత్తంది."

సత్తిబాబు, "లోవా, వద్దే" అని అడుగు ముందుకేశాడు. సలోమి చెయ్యి అడ్డం పెట్టింది. ఆపాలా, వద్దా? ఫణీంద్ర వేలు మీట మీదే ఉంది, ఆమె సైగ కోసం చూస్తున్నాడు. సలోమి సైగ చెయ్యలేదు. అలాగని నిబ్బరంగానూ లేదు. 

"చచ్చిపోతావా?" అంది అచ్చియ్యమ్మ నోరు, ఇంకా గట్టిగా. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతుంటే నోరు మాత్రం దులిపేస్తూనే ఉంది. "నా నోటితో ఆ మాటనిపిత్తావా? సిగ్గులేదా నీకు? నువ్వు చచ్చిపోతే నేనెవర్ని తిట్టుకోవాలి? నా పిల్లకి నీళ్ళెవరు పోత్తారు? సగం పువ్వేసి లేచిపోతావా? నా చెయ్యి సరిగ్గా రాదిప్పుడు, ఎవరేత్తారు రెండో సగం? నాకు కోపం తీరేదాకా నువ్వుండాలి. తీరదు, చెప్తన్నాను. చాలా ఏళ్ళు తీరదు. కూకో."

అక్కడితో లోవ తల వాలిపోయింది. ఫణీంద్ర మీట కట్టేశాడు. సలోమి ఇద్దరి టోపీలూ తీసేసింది.

అచ్చియ్యమ్మ ఏడుపు అప్పుడు మొదలైంది. ఆ ఏడుపు వార్డు అవతలి చివరికి వినపడింది. సత్తిబాబు తల్లి దగ్గరికెళ్ళాలో, పెళ్ళాం దగ్గరికెళ్ళాలో తెలియక మధ్యలో నిలబడిపోయాడు.

లోవ ఎడమ చెయ్యి చాపి అత్త మణికట్టు పట్టుకుంది. తీగ లేదు, టోపీ లేదు. మూతి ఒక పక్కకి ఈడ్చుకుపోయింది. పళ్ళు బిగిశాయి. 

"కో... కోప... కోపం" అంది లోవ. సొంతంగా, ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోకుండా, తన తెగిన దారిలోంచి తనే ఈడ్చుకొచ్చిన మొదటి మాట అది.

"అవునే తల్లీ" అంది అచ్చియ్యమ్మ, ఆ చెయ్యిని రెండు చేతులతోనూ పట్టుకుని. "ఎంతుంటే అంత కోప్పడు. నేనెక్కడికీ పోను."